కంపైలర్ రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కంపైలర్ వేరు, ఇంటర్‌ప్రెటర్ వేరు అంటారు కదా, ముందు ఏది నేర్చుకోవాలి?

రాసిన ప్రోగ్రామ్‌ని ముందే వేరే కోడ్‌గా మార్చి ఇచ్చేది కంపైలర్, చదివి అప్పటికప్పుడే నడిపేది ఇంటర్‌ప్రెటర్ అంటారు, కానీ ఆ రెండింటి మధ్య అంత గట్టి గీత ఏమీ లేదు. పైథాన్‌ని అందరూ ఇంటర్‌ప్రెటెడ్ భాష అంటారు, కానీ మీరు రాసిన ఫైల్‌ని అది ముందు టోకెన్లుగా, అంటే పేర్లు, అంకెలు, గుర్తులు లాంటి ముక్కలుగా విడగొడుతుంది, వాటి నిర్మాణం చూపే ట్రీ కడుతుంది, బైట్‌కోడ్ అనే చిన్న చిన్న సూచనలుగా మారుస్తుంది, ఆ తర్వాతే వర్చువల్ మెషీన్ అనే ప్రోగ్రామ్ దాన్ని నడుపుతుంది. అంటే లోపల ఒక కంపైలర్ ఉన్నట్టే. జావాలోనూ ఇదే కథ, కాకపోతే అక్కడ ఈ రెండు పనులూ రెండు వేరే కమాండ్లుగా కనిపిస్తాయి. జావాస్క్రిప్ట్ నడిపే వీ8 అయితే బైట్‌కోడ్‌తో మొదలుపెట్టి, మాటిమాటికీ నడుస్తున్న ఫంక్షన్లని మాత్రం మెషీన్ కోడ్‌గా మార్చేస్తుంది.

కాబట్టి పేర్ల గురించి టెన్షన్ పడకండి. సోర్స్ చదివి అర్థం చేసుకునే ముందు సగం రెండింటికీ ఒకటే. మొదట ట్రీ మీద నడిచే చిన్న ఇంటర్‌ప్రెటర్ రాయండి, అదే ట్రీ నుంచి తర్వాత కోడ్ పుట్టించండి. రాసింది ఏదీ వృథా కాదు.

లెక్కలు బాగా రావాలా? డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదివి ఉండాలా?

రికర్షన్, అంటే తననే తాను పిలుచుకునే ఫంక్షన్ రాయడం, రావాలి. ఇది మాత్రం నిజంగా కావాలి, ఎందుకంటే పార్సర్ (టోకెన్లని ట్రీగా కట్టేది) నుంచి కోడ్ జనరేటర్ దాకా ప్రతీదీ ఒక ట్రీ మీద రికర్షన్‌తో తిరగడమే. ఒక ఫోల్డర్‌లో, దాని లోపలి ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లన్నీ ప్రింట్ చేసే ఫంక్షన్ ఎవరినీ అడగకుండా రాయగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టే. స్టాక్, హ్యాష్ టేబుల్ వాడటం తెలిస్తే చాలు. ఆటోమాటా థియరీ, ఎల్ఆర్ టేబుళ్లు లాంటివి తర్వాత చదువుకోవచ్చు. ఒక పార్సర్ మీ చేత్తో రాశాక ఆ థియరీ చదివితే చాలా వేగంగా ఎక్కుతుంది, అంతకుముందు చదివితే పరీక్ష అయిపోగానే మరిచిపోతారు.

ఏ భాషలో రాయాలి?

మీకు బాగా వచ్చిన భాషలో. ఓకామల్, హాస్కెల్, రస్ట్ లాంటి భాషల్లో ప్యాటర్న్ మ్యాచింగ్ ఉంటుంది కాబట్టి ట్రీ మీద పని చాలా హాయిగా సాగుతుంది, ఇది ఒట్టి అభిమానం కొద్దీ చెబుతున్న మాట కాదు, రస్ట్ మొదటి కంపైలర్‌ని కూడా ఓకామల్‌లోనే రాశారు. కానీ రస్ట్ కొత్తగా నేర్చుకుంటూ అదే సమయంలో కంపైలర్ కూడా నేర్చుకుందాం అనుకుంటే రెండూ సగంలో ఆగిపోయే ప్రమాదం ఉంది. పైథాన్‌లో రాస్తే తప్పేమీ లేదు. ఒక్క వర్చువల్ మెషీన్ మాత్రం పైథాన్‌లో రాస్తే నెమ్మదిగా నడుస్తుంది, ఎందుకంటే ఒక ఇంటర్‌ప్రెటర్ మీద ఇంకో ఇంటర్‌ప్రెటర్ కూర్చుంటుంది. అక్కడికి వచ్చాక సీ కి మారినా నష్టం లేదు.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

చాలామంది ఇలా మొదలుపెడతారు: ముందు భాష మొత్తానికీ లెక్సర్ (సోర్స్‌ని టోకెన్లుగా విడగొట్టేది), అది పూర్తయ్యాక భాష మొత్తానికీ పార్సర్, ఆ తర్వాత టైప్ చెకర్, ఆఖరున కోడ్ జనరేషన్. పాఠ్య ప్రణాళికల్లో వరస కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఇలా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పార్సర్ దగ్గరే అలసిపోతారు, ఎందుకంటే అప్పటికి వారాల తరబడి పని చేసి ఉంటారు, కానీ వాళ్ల భాషలో రాసిన ఒక్క ప్రోగ్రామ్ కూడా ఇంకా నడవదు.

అందుకే అడ్డంగా కాకుండా నిలువుగా కోయండి. మొదటి రోజు మీ భాషలో ఉండేది ఒక్క అంకె. సోర్స్ ఫైల్‌లో 42 అని ఉంటుంది, మీ కంపైలర్ దాన్ని చదివి, 42 ని ఎగ్జిట్ కోడ్‌గా ఇచ్చే అసెంబ్లీ (మెషీన్ సూచనలని పేర్లతో రాసే భాష) ప్రోగ్రామ్ రాస్తుంది, మీరు దాన్ని అసెంబుల్ చేసి నడిపి చూస్తారు. మొత్తం మీద ఏ యాభై లైన్లో అవుతుంది, అయినా సోర్స్ నుంచి మెషీన్ దాకా దారి పూర్తిగా తెరుచుకున్నట్టే. రెండో మెట్టు, ముందు మైనస్ గుర్తు. మూడోది, కూడిక. తర్వాత గుణకారం, బ్రాకెట్లు, వేరియబుల్, ఇఫ్, వైల్, ఫంక్షన్. ప్రతి మెట్టు దగ్గరా లెక్సర్‌లో కొంచెం, పార్సర్‌లో కొంచెం, కోడ్ జనరేటర్‌లో కొంచెం చేరుతుంది, ప్రతి మెట్టు దగ్గరా మీ చేతిలో నడిచే కంపైలర్ ఉంటుంది.

ఇందులో ఉత్సాహం నిలబడటం ఒక్కటే లాభం అనుకోకండి. పార్సర్‌లో ఏ సమాచారం దాచుకోవాలో కోడ్ జనరేటర్ రాస్తేగానీ తెలియదు. ప్రతి నోడ్‌లో లైన్ నంబర్ ఉండాలని, వేరియబుల్ పేరుతో పాటు అది ఏ స్కోప్‌దో, అంటే ప్రోగ్రామ్‌లో ఏ భాగంలో చెల్లుతుందో కూడా గుర్తు పెట్టుకోవాలని వెనక భాగమే ముందు భాగానికి నేర్పుతుంది. ముందు భాగం మొత్తం కట్టేశాక ఈ సంగతి తెలిస్తే చాలా కూల్చాల్సి వస్తుంది.

2 + 3 * 4 అని రాస్తే లోపల నిజంగా ఏం జరుగుతుంది?

మొదట లెక్సర్ అక్షరాలని చదువుతూ ఐదు టోకెన్లు ఇస్తుంది: అంకె 2, ప్లస్, అంకె 3, గుణకారం గుర్తు, అంకె 4. ఖాళీలు ఇక్కడే పోతాయి. 42 లాంటి అంకె వస్తే 4 దగ్గర ఆగకుండా పక్కన ఇంకా అంకెలు ఉన్నంతవరకూ మింగుతుంది, వీలైనంత పొడవైన టోకెన్ తీసుకోవాలన్నది దాదాపు అన్ని భాషల్లోనూ ఉన్న నియమం. ఈ నియమం ఒక్కోసారి కాటేస్తుంది కూడా. సీ ప్లస్ ప్లస్‌లో ఒక టెంప్లేట్ లోపల ఇంకో టెంప్లేట్ ముగిసినప్పుడు పక్కపక్కన వచ్చే >> ని లెక్సర్ షిఫ్ట్ ఆపరేటర్ అనుకునేది, అందుకే 2011 ప్రమాణం వచ్చేదాకా ఆ రెండింటి మధ్య ఖాళీ పెట్టి రాయాల్సి వచ్చేది.

తర్వాత పార్సర్. గుణకారం కూడిక కంటే బిగుతుగా పట్టుకుంటుంది కాబట్టి ట్రీ పైన ప్లస్ కూర్చుంటుంది, దాని ఎడమ కొమ్మ 2, కుడి కొమ్మ గుణకారం, ఆ గుణకారం కింద 3, 4. బ్రాకెట్లు ట్రీలోకి రావాల్సిన పని లేదు, అవి చెప్పదలచుకున్నది ట్రీ ఆకారమే చెప్పేస్తుంది.

ఇక కోడ్. స్టాక్ మెషీన్ కోసం అయితే నియమం ఒక్కటే: ఎడమ కొమ్మకి కోడ్ రాయి, కుడి కొమ్మకి కోడ్ రాయి, ఆ తర్వాత ఆపరేటర్ రాయి. ఈ ట్రీ మీద అది నడిస్తే వచ్చేది ఇది:

పుష్ 2
పుష్ 3
పుష్ 4
గుణించు
కూడు

కాగితం మీద నడిపి చూడండి. స్టాక్‌లో 2, 3, 4 చేరతాయి, గుణించు అనగానే పైనున్న రెండూ పోయి 12 వస్తుంది, స్టాక్ 2, 12 అవుతుంది, కూడు అనగానే 14 ఒక్కటే మిగులుతుంది. జావా వర్చువల్ మెషీన్, పైథాన్ బైట్‌కోడ్, వెబ్ అసెంబ్లీ మూడూ ఈ స్టాక్ పద్ధతిలోనే ఉన్నాయి. లువా మాత్రం 2003లో వచ్చిన 5.0 నుంచి రిజిస్టర్ పద్ధతికి మారింది, అందులో సూచనలు తక్కువ అవుతాయి కానీ ఒక్కో సూచన పెద్దదవుతుంది.

ఇప్పుడు 10 - 4 - 3 పార్స్ చేసి చూడండి. జవాబు 3 రావాలి. మీ పార్సర్ 9 అంటే, కుడి వైపు నుంచి గుంపు కట్టిందన్నమాట, 4 లోంచి ముందే 3 తీసేసింది. దీన్ని ఇప్పుడే ఒక టెస్టుగా పెట్టుకోండి.

పార్సర్ చేత్తో రాయాలా, యాక్, బైసన్ లాంటి టూల్స్ వాడాలా?

చేత్తో రాయండి. గ్రామర్ (భాష నిర్మాణ నియమాలు) ఇస్తే పార్సర్‌ని తామే రాసిపెట్టే ఇలాంటి పార్సర్ జనరేటర్లు చెడ్డవని కాదు, మంచి గ్రామర్ ఎలా ఉండాలో అవి బాగానే నేర్పుతాయి. కానీ మొదటిసారి నేర్చుకునేవాళ్లకి షిఫ్ట్ రెడ్యూస్ కాన్‌ఫ్లిక్ట్ అని ఒక హెచ్చరిక వచ్చిందంటే అది తమ భాషలోని లోపమో, టూల్ పరిమితో తేల్చుకోవడం కష్టం. పెద్ద కంపైలర్లు కూడా ఇటువైపే వచ్చాయి. జీసీసీ 2004లో సీ ప్లస్ ప్లస్‌కి, 2006లో సీ కి చేత్తో రాసిన పార్సర్ పెట్టుకుంది. క్లాంగ్ మొదటి నుంచీ అంతే. గో కూడా యాక్ వదిలేసింది. ఎర్రర్ మెసేజ్ బాగా ఇవ్వాలన్నా, వింత సందర్భాలని సర్దుకోవాలన్నా మన కోడ్ మన చేతిలో ఉంటేనే వీలు. అటు పైథాన్ 2020లో 3.9 దగ్గర కొత్త పెగ్ పార్సర్‌కి మారినప్పుడు దాన్ని గ్రామర్ నుంచే పుట్టించింది, కాబట్టి ఆ దారి మూసుకుపోయిందని కూడా అనలేం.

చేత్తో రాసే పద్ధతి పేరు రికర్సివ్ డిసెంట్, గ్రామర్‌లో ఒక్కో నియమానికి ఒక్కో ఫంక్షన్. ఎక్స్‌ప్రెషన్ల దగ్గర మాత్రం ఒక్కో ప్రాధాన్యతకి ఒక్కో ఫంక్షన్ రాస్తూ పోతే పది పన్నెండు ఫంక్షన్లు తయారవుతాయి, అక్కడ వాన్ ప్రాట్ 1973లో చెప్పిన పద్ధతి వాడండి. ప్రతి ఆపరేటర్‌కీ ఒక బలం అంకె ఇస్తారు, ఒకే ఫంక్షన్ తన కంటే బలమైన ఆపరేటర్లు వస్తున్నంతవరకూ లూప్‌లో ముందుకెళ్తుంది. ముప్పై లైన్లు కూడా ఉండదు. మొదటిసారి చదివితే అర్థం కాకపోవచ్చు, పైన చెప్పిన రెండు ఉదాహరణలనీ పెన్నుతో నడిపి చూస్తే తెలిసిపోతుంది.

నా పార్సర్ ఎక్కడా ఆగకుండా స్టాక్ ఓవర్‌ఫ్లో అవుతోంది, ఎందుకు?

దాదాపు ఎప్పుడూ లెఫ్ట్ రికర్షన్. ఎక్స్‌ప్రెషన్ అంటే ఎక్స్‌ప్రెషన్ ప్లస్ టర్మ్ అని గ్రామర్‌లో ఉన్నది ఉన్నట్టు ఫంక్షన్‌గా రాస్తే, ఆ ఫంక్షన్ ఒక్క టోకెన్ కూడా తినకుండా తననే తాను పిలుచుకుంటుంది. ముందు ఒక టర్మ్ చదివి, ప్లస్ కనిపిస్తున్నంతసేపూ లూప్ తిప్పేలా మార్చండి.

సీ భాష పార్స్ చేయడం కష్టం అంటారు, ఎందుకని?

ఈ లైన్ చూడండి: క * ఖ, ఇది రెండు వేరియబుళ్ల గుణకారమా, లేక క అనే టైప్‌కి పాయింటర్‌గా ఖ ని ప్రకటించడమా? గ్రామర్ చూస్తే తెలియదు. అంతకుముందు టైప్‌డెఫ్‌తో క ని టైప్‌గా ప్రకటించారా లేదా అన్నది పార్సర్ గుర్తు పెట్టుకుంటేనే తెలుస్తుంది. మీ సొంత భాషలో ఈ తలనొప్పి రాకుండా చూసుకోవచ్చు. వేరియబుల్ ప్రకటనకి ఒక కీవర్డ్, ఫంక్షన్‌కి ఒక కీవర్డ్ పెట్టేస్తే మొదటి టోకెన్ చూడగానే ఏం రాబోతోందో తెలిసిపోతుంది. కొత్త భాషలు చాలావరకు ఇలా ఉండటానికి ఇదొక కారణం.

వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టేలా భాష తయారు చేయొచ్చా?

చేయొచ్చు, కానీ లెక్సర్ జాగ్రత్తగా రాయాలి. అక్షరమా కాదా అని అడిగే మామూలు లైబ్రరీ ఫంక్షన్ వాడితే "ధర" అనే పేరు దాటిపోతుంది, "మొత్తం" దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే యూనికోడ్ లెక్కలో ఒత్వం, పొల్లు, సున్నా అక్షరాల కిందికి రావు, అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉండే గుర్తుల కిందికి వస్తాయి. యూనికోడ్‌లోనే ఐడెంటిఫైయర్ ఎలా మొదలవ్వచ్చు, ఎలా కొనసాగవచ్చు అని రెండు జాబితాలు ఉన్నాయి, వాటిని వాడండి. పైథాన్ 3 అదే పద్ధతిలో తెలుగు పేర్లని ఒప్పుకుంటుంది.

ఎర్రర్ చూపించే బాణం కూడా పక్కకి జరుగుతుంది. "మొత్తం" తెరమీద రెండు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8 ఫైల్‌లో పద్దెనిమిది బైట్లు. బైట్లు లెక్కపెట్టి బాణం గీస్తే అది తప్పు ఉన్న చోటు దాటి ఎక్కడో పడుతుంది. ఇంకోటి, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం కంటికి కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు టైప్ చేస్తుంటాం. చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేర్లలో ఒకదాంట్లో, ఏ చివరనో, అది ఉండి రెండోదాంట్లో లేకపోతే అవి ఒకే వేరియబులా, రెండా? ఒప్పుకోవాలా, తీసేయాలా, ఎర్రర్ ఇవ్వాలా అన్నది మీరే తేల్చుకోవాలి. నన్నడిగితే స్పష్టంగా ఎర్రర్ ఇవ్వడమే మేలు, మౌనంగా రెండు వేరియబుళ్లు పుట్టడం కంటే.

టైప్ చెకర్ తప్పనిసరా?

అంకెని, స్ట్రింగ్‌ని గుణించడం లాంటి తప్పులు నడపకముందే పట్టేది అది, మొదటి భాషకి అక్కర్లేదు. పెట్టాలనుకుంటే ట్రీ మీద ఇంకో ప్రయాణం అంతే: ప్రతి నోడ్ దగ్గరా పిల్లల టైపులు అడిగి, తన టైప్ ఏమిటో పైకి చెప్పడం. టైపులు రాయకుండానే కంపైలర్ కనుక్కోవడం, అంటే టైప్ ఇన్‌ఫరెన్స్, రాబిన్ మిల్నర్ ఎంఎల్ భాష కోసం 1978లో చూపించిన దారిలో ఉంటుంది. దాని గుండెకాయ యూనిఫికేషన్. తెలియని టైపులకి తాత్కాలిక పేర్లు పెట్టి, ఇది అది ఒకటే అయ్యుండాలి అన్న సమీకరణాలు పోగేసి పరిష్కరించడం. స్కూల్లో సమీకరణాలు సాధించిన పద్ధతికి అంత దూరం ఏమీ కాదు, రాసి చూస్తే చాలా తృప్తినిస్తుంది.

క్లోజర్లు అమలు చేయడం ఎందుకంత కష్టంగా ఉంటుంది?

క్లోజర్ అంటే తను పుట్టిన చోటి వేరియబుళ్లని పట్టుకుని ఉండే ఫంక్షన్. కష్టం ఎందుకంటే అప్పటిదాకా మీరు నమ్మిన ఒక విషయం అక్కడ చెల్లదు. ఫంక్షన్ ముగిస్తే దాని లోకల్ వేరియబుళ్లు స్టాక్ మీద నుంచి పోతాయి అనుకుంటాం. కానీ ఒక ఫంక్షన్ లోపల కౌంటర్ అనే వేరియబుల్ పెట్టి, దాన్ని ఒకటి పెంచే ఇంకో ఫంక్షన్‌ని రిటర్న్ చేస్తే, బయటి ఫంక్షన్ వెళ్లిపోయినా కౌంటర్ బతికే ఉండాలి. తేలికైన దారి ఏమిటంటే, లోపలి ఫంక్షన్ పట్టుకున్న వేరియబుళ్లని కంపైల్ చేసేటప్పుడే గుర్తించి వాటిని మొదటి నుంచీ హీప్‌లో, అంటే ఫంక్షన్ ముగిసినా పోని మెమరీలో పెట్టడం. లువా ఇంకాస్త తెలివిగా చేస్తుంది, వేరియబుల్ స్టాక్ మీదే ఉంటుంది, దాని స్కోప్ ముగిసే క్షణంలో మాత్రమే హీప్‌కి మారుతుంది. ఒకే వేరియబుల్‌ని ఇద్దరు పట్టుకుంటే ఇద్దరికీ ఒకే కాపీ కనిపించాలి, లూప్‌లో పుట్టిన క్లోజర్లకి ప్రతి చుట్టుకీ కొత్త వేరియబులా కాదా తేల్చుకోవాలి. ఈ రెండిటికీ టెస్టులు రాయకుండా క్లోజర్లు పూర్తయ్యాయి అనుకోకండి.

గార్బేజ్ కలెక్టర్ నేనే రాయగలనా?

ప్రోగ్రామ్‌కి ఇక అక్కర్లేని మెమరీని తనే వెనక్కి తీసుకునేది కదా, రాయగలరు. మార్క్ అండ్ స్వీప్ రెండొందల లైన్లలో అవుతుంది: స్టాక్, గ్లోబల్ వేరియబుళ్ల నుంచి మొదలుపెట్టి చేరుకోగలిగిన ప్రతి వస్తువుకీ గుర్తు పెట్టడం, గుర్తు లేనివి ఊడ్చేయడం. జాన్ మెకార్తీ లిస్ప్ కోసం 1960లో ప్రచురించిన ఆలోచనే ఇది. కష్టమంతా బగ్గుల దగ్గర. ఒక స్ట్రింగ్ తయారు చేశారు, దాన్ని ఇంకా స్టాక్ మీద పెట్టలేదు, ఈలోగా ఇంకో వస్తువు కోసం మెమరీ అడిగారు, అప్పుడే కలెక్టర్ లేచి ఆ స్ట్రింగ్‌ని చెత్త అనుకుని తీసేసింది. ఇలాంటి బగ్ వారానికోసారి కనిపించి మాయమవుతుంది. అందుకే కలెక్టర్ రాసిన రోజే ఒక స్ట్రెస్ మోడ్ పెట్టండి, అందులో ప్రతి అలొకేషన్‌కీ కలెక్టర్ పూర్తిగా నడవాలి. ప్రోగ్రామ్ పాకుతూ నడుస్తుంది, కానీ దాక్కున్న బగ్గులు మొదటి నిమిషంలోనే బయటపడతాయి.

బైట్‌కోడా, నేరుగా అసెంబ్లీనా, ఎల్ఎల్‌వీఎమ్మా?

మీకు ఏది తెలుసుకోవాలని ఉందో దాన్ని బట్టి. బైట్‌కోడ్ అయితే మీ వర్చువల్ మెషీన్ కూడా మీదే కాబట్టి ఎక్కడ ఆగినా లోపలికి తొంగి చూడొచ్చు. ఎల్ఎల్‌వీఎమ్, 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే మొదలుపెట్టింది, మీరు ఒక మధ్యంతర రూపం ఇస్తే గొప్ప మెషీన్ కోడ్ ఇస్తుంది. రస్ట్, స్విఫ్ట్, జూలియా దాని మీదే నిలబడ్డాయి. పది మంది వాడే భాష చేయాలనుకుంటే అదే తీసుకోండి. నేర్చుకోవడానికైతే మాత్రం అది చాలా పనిని దాచేస్తుంది, పైగా దాని ఇంటర్‌ఫేస్ వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటుంది.

నా ఓటు, ఒక్కసారైనా, అసెంబ్లీకే. ఫంక్షన్ కాల్ అంటే ఏమిటో, రిటర్న్ అడ్రస్ ఎక్కడ ఉంటుందో అప్పుడే కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. ఒక హెచ్చరిక: లినక్స్‌లో 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్ల కోసం రాసేటప్పుడు, కాల్ చేసే ముందు స్టాక్ పాయింటర్ 16 తో భాగించబడేలా ఉండాలి. మీ ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకున్నంతసేపూ ఈ నియమం తప్పినా ఏమీ కాదు, సీ లైబ్రరీలోని ప్రింట్ఎఫ్‌ని పిలిచినప్పుడు మాత్రం ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. కొత్తవాళ్లు రాత్రంతా కూర్చుని వెతికే బగ్ ఇదే.

ఆప్టిమైజేషన్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

భాష మొత్తం సరిగ్గా నడిచాక. మొదటి ఫోర్ట్రాన్ కంపైలర్‌ని ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం 1957లో విడుదల చేసినప్పుడు పరిస్థితి వేరు, చేత్తో రాసిన అసెంబ్లీకి దరిదాపుల్లో లేకపోతే ఎవరూ ముట్టుకోరన్న భయంతో వాళ్లు మొదటి నుంచీ వేగం మీదే దృష్టి పెట్టారు. మీకు ఆ ఒత్తిడి లేదు.

మొదట చేసేది కాన్‌స్టెంట్ ఫోల్డింగ్, 2 + 3 * 4 బదులు కంపైల్ చేసేటప్పుడే 14 అని రాసేయడం. పిల్లల ఆటలా ఉంటుంది, కానీ 1 / 0 ఇచ్చి చూడండి, చాలా కొత్త కంపైలర్లు అక్కడ తామే క్రాష్ అవుతాయి. దశాంశ సంఖ్యలకి సున్నాతో గుణిస్తే సున్నా అని మార్చేయడమూ తప్పే, ఎందుకంటే ఆ వేరియబుల్‌లో నాన్ (ఇది అంకె కాదు అని చెప్పే ప్రత్యేక విలువ) ఉంటే జవాబు నాన్ రావాలి. బడిలో నిజమైన సూత్రాలన్నీ మెషీన్ అంకెల మీద నిజం కావు. ఆప్టిమైజర్ రాయడంలో సగం పని ఏ మార్పు న్యాయమో నిరూపించుకోవడమే.

ఆ న్యాయం భాష నిర్వచనం మీద ఆధారపడుతుంది. సీ లో సైన్డ్ పూర్ణాంకం పొంగిపోతే ఏం జరగాలో ప్రమాణం చెప్పదు, అలాంటిది జరగదనే కంపైలర్ అనుకోవచ్చు. అందుకే క + 1 > క అన్న పోలికని జీసీసీ, క్లాంగ్ ఆప్టిమైజేషన్ పెట్టి నడిపితే లెక్క చేయకుండానే నిజం అని రాసేస్తాయి. ఆన్‌లైన్‌లో కంపైలర్ ఎక్స్‌ప్లోరర్‌లో ఈ పోలికని ఒక చిన్న ఫంక్షన్‌గా పెట్టి, వచ్చే అసెంబ్లీ చూడండి. ఇలా చిన్న చిన్న ఫంక్షన్లు రాసి బయటికొచ్చే కోడ్ చదవడం కంటే మంచి పాఠం నాకు తెలిసి లేదు.

ఇంకా ముందుకెళ్తే ఎస్ఎస్ఏ రూపం, ప్రతి వేరియబుల్‌కీ ఒకే ఒక్కసారి విలువ ఇవ్వడం, ఆపైన రిజిస్టర్ అలొకేషన్. రెండూ లోతైన విషయాలు, విడిగా కూర్చుని చదవాల్సినవి.

ఎర్రర్ మెసేజ్‌ల మీద అంత సమయం పెట్టడం అవసరమా?

అవసరం. భాష వాడేవాళ్లు మీ ఆప్టిమైజర్‌ని ఎప్పుడూ చూడరు, ఎర్రర్ మెసేజ్‌ని రోజూ చూస్తారు. ప్రతి టోకెన్‌కీ ఫైల్‌లో మొదలు, చివర స్థానాలు మొదటి రోజు నుంచే దాచుకోండి. ఒక తప్పు తగలగానే ఆగిపోకుండా, సెమీకోలన్ లాంటి చోటు దాకా టోకెన్లు వదిలేసి మళ్లీ అందుకుంటే ఒకేసారి నాలుగైదు అసలు తప్పులు చూపించొచ్చు. ఒక తప్పు వల్ల పుట్టిన ఇరవై బూటకపు తప్పులు మాత్రం చూపించకండి.

టెస్టులు ఎలా రాయాలి?

మీ భాషలో చిన్న ప్రోగ్రాములు ఒక ఫోల్డర్‌లో, పక్కనే ఒక్కోదానికి రావాల్సిన అవుట్‌పుట్. ఎర్రర్ రావాల్సిన ప్రోగ్రాములు ఇంకో ఫోల్డర్‌లో, వాటిని చాలామంది మరిచిపోతారు. భాష పెరిగాక యాదృచ్ఛిక ప్రోగ్రాములు పుట్టించి పరీక్షించండి. యూటా విశ్వవిద్యాలయంలో తయారైన సీస్మిత్ ఇలాగే పేరున్న సీ కంపైలర్లలో 325 కి పైగా కొత్త బగ్గులు పట్టుకుందని 2011లో దాని బృందం ప్రచురించింది. మీ దగ్గర ఇంటర్‌ప్రెటర్, కంపైలర్ రెండూ ఉంటే ఇంకా సులువు, ఒకే ప్రోగ్రామ్‌ని రెండింటితో నడిపి జవాబులు పోల్చండి.

కంపైలర్‌ని దాని సొంత భాషలోనే రాస్తారట, అదెలా సాధ్యం?

మొదటిది వేరే భాషలో రాస్తారు. దాంతో, కొత్త భాషలో రాసిన కంపైలర్‌ని కంపైల్ చేస్తారు. అక్కడి నుంచి ఆ కంపైలర్ తనని తానే కంపైల్ చేసుకుంటుంది. గో కంపైలర్ మొదట సీ లో ఉండేది, 2015లో వచ్చిన 1.5 తో గో లోకి మారింది. సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి, కొత్త కంపైలర్‌తో దాన్నే కంపైల్ చేసి, వచ్చినదానితో ఇంకోసారి చేసి, ఆఖరి రెండు ఫైళ్లూ బైట్ బైట్‌కీ ఒకటేనా అని పోలుస్తారు.

ఇందులో భయపెట్టే కోణం కూడా ఉంది. కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చూపించాడు, కంపైలర్ బైనరీలో ఒక దొంగదారి పెట్టి, అది తనని తాను కంపైల్ చేసుకునేటప్పుడు ఆ దొంగదారిని మళ్లీ చొప్పించేలా చేస్తే, సోర్స్ ఎంత వెతికినా ఏమీ కనిపించదు.

ఉద్యోగానికి పనికొస్తుందా?

నేరుగా కంపైలర్ ఉద్యోగాలు తక్కువ, కానీ ఉన్నాయి, చిప్ తయారుచేసే కంపెనీల్లో, బ్రౌజర్ బృందాల్లో, మెషీన్ లెర్నింగ్ మోడళ్లని హార్డ్‌వేర్ మీద వేగంగా నడిపించే పనుల్లో. అవి కాకపోయినా డేటాబేస్ క్వెరీ ప్లానర్, ఫార్మాటర్, లింటర్, ఎడిటర్‌లో సూచనలు ఇచ్చే సర్వర్, కాన్ఫిగరేషన్ ఫైల్ చదివే కోడ్, అన్నింట్లోనూ ఇదే విద్య ఉంది.

ఎంత కాలం పడుతుంది? ఎలాంటి పుస్తకం తీసుకోవాలి?

సాయంత్రాలు కూర్చుంటే ఫంక్షన్లు, లూపులు ఉన్న చిన్న భాష కొన్ని వారాల్లో నడుస్తుంది. మొదటి పుస్తకం ఒక చిన్న భాషని మొదటి నుంచి చివరిదాకా కోడ్‌తో సహా కట్టి చూపించేదై ఉండాలి. కోడ్‌ని కాపీ చేసుకోకుండా వేరే భాషలో తిరగరాస్తూ చదవండి, అర్థం కానిది వెంటనే దొరికిపోతుంది. పార్సింగ్ థియరీతో మొదలయ్యే లావు పుస్తకాలు రెండో విడతకి.

జిట్ కంపైలర్ రాయాలని ఉంది, ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

జిట్ అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెషీన్ కోడ్ పుట్టించేది. బైట్‌కోడ్ మెషీన్, అసెంబ్లీ వెనక భాగం రెండూ ఒకసారి రాసి ఉంటే మొదలుపెట్టండి. మొదటి ప్రయోగం చిన్నది: ఆపరేటింగ్ సిస్టమ్‌ని కొంత మెమరీ అడగండి, అందులో 42 రిటర్న్ చేసే సూచనల బైట్లు నాలుగైదు మీరే రాయండి, ఆ మెమరీకి రాసే అనుమతి తీసేసి నడిపే అనుమతి ఇవ్వండి, దాన్ని ఫంక్షన్‌లా పిలవండి. 42 వచ్చిందంటే తర్వాతి మెట్టు కూడిక.